క్యూటీ అప్లికేషన్ ఏ సిస్టంలో నడిస్తే ఆ సిస్టందిలా ఉండాలంటే: సమగ్ర మార్గదర్శి

ఒకే కోడ్‌తో విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ అప్లికేషన్ చేశాం, నడుస్తోంది కూడా, కానీ వాడేవాళ్ళకు అది తమ కంప్యూటర్‌దిలా అనిపించడం లేదు, ఏం మార్చాలి? ఈ ప్రశ్న తరచూ వస్తోంది. అడిగేవాళ్ళలో ఎక్కువమంది అప్పటికే రంగులు, గుండ్రటి మూలలు, నీడలు దిద్దే పనిలో ఉంటారు. అక్కడ మొదలుపెడితే పని తెమలదు. ఓకే బటన్ ఏ పక్కన ఉంది, రీడూకి ఏ కీ నొక్కాలి, విండో మూస్తే ఏమవుతుంది వంటివి ముందు కుదరాలి. చేతికి అలవాటైనవి తప్పితే, ఎంత అందంగా గీసినా అప్లికేషన్ పరాయిదిగానే ఉంటుంది.

ఈ మార్గదర్శి క్యూటీ 6 విడ్జెట్స్ కోసం. క్యూటీ అంటే ఒకే కోడ్‌తో వేర్వేరు సిస్టంలకు అప్లికేషన్లు రాసే లైబ్రరీ; విడ్జెట్లంటే అందులోని బటన్లు, గళ్ళు, పట్టికల వంటి భాగాలు. సీ++ అయినా, పైథాన్‌లో క్యూటీని వాడుకోనిచ్చే పైసైడ్6 అయినా క్లాసుల పేర్లు అవే. ఉదాహరణకు చిన్న లైబ్రరీ రిజిస్టర్ అప్లికేషన్ అనుకుందాం: పుస్తకాల పట్టిక, వివరాలు నింపే డైలాగ్, సెట్టింగ్స్ విండో, ఇంటర్‌ఫేస్ తెలుగులో.

మొదటి నుంచి చివరిదాకా పట్టుకోవాల్సిన పద్ధతి ఒకటే. రంగు, సైజు, వరస, కీ ఏదైనా సరే, మీరు నిర్ణయించి కోడ్‌లో రాయకండి. సిస్టంను అడిగి తెచ్చుకోండి.

## 1. కోడ్ ముట్టుకునే ముందు

ముందు మీ లైబ్రరీ ఏ రకమో తెలియాలి. డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్, ఎస్‌డబ్ల్యూటీ లాంటివి సిస్టం సొంత బటన్లనే తెచ్చి పెడతాయి. ఫ్లట్టర్ అన్నీ తనే గీస్తుంది. క్యూటీ విడ్జెట్స్ ఈ రెండింటికీ మధ్య: బటన్‌ను క్యూటీయే గీస్తుంది, కానీ ఎలా గీయాలో సిస్టం థీమ్‌ను అడుగుతుంది. అందుకే మనం అడ్డు రాకపోతే చాలా పనులు దానంతట అవే కుదురుతాయి.

వెర్షన్ కూడా ముఖ్యం. సిస్టం డార్క్ మోడ్‌లో ఉందో లైట్‌లో ఉందో చెప్పే కలర్‌స్కీమ్ 6.5లో వచ్చింది. ప్యాలెట్‌లో (క్యూటీ వాడే రంగుల పట్టిక) యాక్సెంట్ రంగు 6.6లో, విండోస్ 11 స్టైల్ 6.7లో వచ్చాయి. ఇంకా 6.5 కన్నా పాతదాని మీద ఉంటే, కింద చెప్పేవాటిలో కొన్నింటికి మీరే చేత్తో కోడ్ రాయాల్సి వస్తుంది. ముందు అప్‌గ్రేడ్ చేసుకోవడమే మేలు.

సిద్ధం చేసుకోవాల్సినవి:

- విండోస్ 11 మెషీన్. వర్చువల్ మెషీన్ అయినా సరిపోతుంది.
- నిజమైన మ్యాక్. ట్రాక్‌ప్యాడ్, డాక్, మెనూబార్ చేత్తో వాడి చూస్తేగానీ తేడా తెలియదు.
- లినక్స్‌లో రెండు డెస్క్‌టాప్‌లు: గ్నోమ్ ఒకటి, కేడీఈ ప్లాస్మా ఒకటి. రెండూ చూడాలి, ఒకటి చూస్తే చాలదు.
- ఒక్కో సిస్టంతో వచ్చే అప్లికేషన్ ఒకటి, పోల్చుకోవడానికి: విండోస్‌లో నోట్‌ప్యాడ్, మ్యాక్‌లో టెక్స్ట్‌ఎడిట్, గ్నోమ్‌లో టెక్స్ట్ ఎడిటర్, కేడీఈలో కేట్.

ఆ నాలుగింటిలోనూ మెనూలు, సేవ్ చేయకుండా మూసినప్పుడు అడిగే ప్రశ్న, సెట్టింగ్స్ విండో స్క్రీన్‌షాట్లు తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఏ బటన్ ఎటు ఉండాలన్న వాదన వచ్చినప్పుడు ఆ ఫోల్డరే తీర్పు చెబుతుంది.

## 2. ముందు తీసేయాల్సినవి తీసేయండి

కొత్తగా ఏదీ చేర్చకముందే, పాత కోడ్‌లో థీమ్‌కు అడ్డం పడుతున్నవాటిని తొలగించాలి. నా అంచనాలో సగం పైగా సమస్యలు ఈ ఒక్క అంచెలోనే పోతాయి.

### 2.1 స్టైల్‌ను మీరు ఎంచుకోకండి

బటన్లు, గళ్ళు ఎలా గీయాలో చెప్పే క్యూటీ భాగమే స్టైల్. ప్రాజెక్టంతా వెతికి సెట్‌స్టైల్ అన్న పిలుపు ఎక్కడుందో చూడండి. చాలా ట్యుటోరియల్స్ ఫ్యూజన్ పెట్టమంటాయి. ఫ్యూజన్ అన్ని సిస్టంలలో ఒకేలా ఉండటానికి చేసిన స్టైల్. మనకు కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఆ లైను తీసేస్తే విండోస్ 11లో విండోస్11 స్టైల్, విండోస్ 10లో విండోస్‌విస్టా స్టైల్, మ్యాక్‌లో మ్యాక్‌ఓఎస్ స్టైల్ వాటంతట అవే వస్తాయి.

ఇప్పుడు ఏ స్టైల్ నడుస్తోందో ఊహించకండి. అప్లికేషన్ మొదలవగానే స్టైల్ పేరును లాగ్‌లో రాయించండి. ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట చూడాల్సింది ఆ లైనే.

### 2.2 స్టైల్‌షీట్లు

అసలు చిక్కు ఇక్కడుంది. క్యూటీ స్టైల్‌షీట్ వెబ్ సీఎస్‌ఎస్‌లా కనిపిస్తుంది కాబట్టి అలాగే వాడేస్తారు. ఒక బటన్‌కు స్టైల్‌షీట్‌లో బోర్డర్ పెట్టగానే క్యూటీ ఆ బటన్‌ను సిస్టం థీమ్‌తో గీయడం మానేసి, మీరు చెప్పినట్టు గీస్తుంది. మౌస్ మీదకు వచ్చినప్పుడు మెరుపు, ఫోకస్ గీత, డిజేబుల్ అయినప్పటి వెలసిన రంగు అన్నీ పోతాయి. వాటిని మళ్ళీ మీరే రాయాలి, అదీ మూడు సిస్టంలకూ.

కాంబోబాక్స్, స్క్రోల్‌బార్ లాంటివాటితో ఇంకా కష్టం. ఒక్క భాగాన్ని మారిస్తే మిగతా భాగాలన్నీ మీరే నిర్వచించాలని క్యూటీ డాక్యుమెంటేషనే చెబుతోంది. కాంబోబాక్స్ బోర్డర్ మార్చగానే కింది బాణం మాయమవడమో, వికారంగా మారడమో అందుకే.

ఇంకో పొరపాటు: మెయిన్ విండోకు ఏ సెలెక్టరూ లేకుండా బ్యాక్‌గ్రౌండ్ తెలుపు అని రాయడం. అది లోపలున్న పిల్ల విడ్జెట్లన్నింటికీ, ఆ విండో నుంచి తెరిచే డైలాగులకు కూడా పాకుతుంది. డార్క్ మోడ్‌లో తెల్ల నేల మీద తెల్ల అక్షరాలు కనిపించాయంటే నూటికి తొంభైసార్లు కారణం ఇదే అనుకోండి.

స్టైల్‌షీట్‌తో చేస్తున్న పనులకు బదులు ఇవి వాడండి:

- శీర్షిక పెద్దదిగా, బోల్డ్‌గా కావాలా? ఆ లేబుల్ ఫాంట్‌ను తీసుకుని, పాయింట్ సైజు కొంత పెంచి తిరిగి ఇవ్వండి.
- ఖాళీ కావాలా? లేఅవుట్ మార్జిన్, స్పేసింగ్.
- అంచు లేని బటన్ కావాలా? క్యూటూల్‌బటన్‌లో ఆటోరైజ్.
- చుట్టూ పెట్టె కావాలా? క్యూఫ్రేమ్‌లో స్టైల్డ్‌ప్యానెల్.
- అడ్డగీత కావాలా? క్యూఫ్రేమ్‌లో హెచ్‌లైన్.

ఇన్ని చేశాక కూడా స్టైల్‌షీట్ తప్పనిసరైతే, ఒక్క విడ్జెట్‌కు, దాని ఆబ్జెక్ట్ పేరుతో, ఒక్క నియమం రాయండి. అంతకు మించి వద్దు.

### 2.3 చేత్తో గీసిన విడ్జెట్లు

పెయింట్‌ఈవెంట్‌లో మీరే దీర్ఘచతురస్రాలు గీస్తున్నారా? బటన్, చెక్‌బాక్స్, ఫోకస్ గీత లాంటివి గీయడానికి క్యూస్టైల్‌లో డ్రాకంట్రోల్, డ్రాప్రిమిటివ్ ఉన్నాయి. క్యూస్టైల్‌ఆప్షన్ నింపి వాటికి ఇస్తే సిస్టం రూపంలో గీసి పెడతాయి. పట్టిక గళ్ళకు డెలిగేట్ (గడిని గీసే క్లాస్) రాస్తుంటే క్యూఐటమ్‌డెలిగేట్ కాకుండా క్యూస్టైల్డ్‌ఐటమ్‌డెలిగేట్ నుంచి తీసుకోండి. ఎంచుకున్న వరుస రంగు స్టైల్ నుంచే వస్తుంది.

## 3. ఫారాలు, డైలాగ్ బటన్లు

పుస్తకం వివరాలు నింపే డైలాగ్ తీసుకోండి. పేరు, రచయిత, సంవత్సరం అని లేబుళ్ళు, పక్కన గళ్ళు. దీన్ని గ్రిడ్ లేఅవుట్‌లో పెట్టడం అలవాటు. క్యూఫారంలేఅవుట్‌లోకి మార్చండి. మ్యాక్‌లో లేబుళ్ళు కుడికి ఆనుకుంటాయి, గళ్ళు తమ సహజ వెడల్పులోనే ఆగుతాయి, ఫారం మధ్యకు వస్తుంది. విండోస్‌లో లేబుళ్ళు ఎడమకు, గళ్ళు విండో వెడల్పంతా సాగుతాయి. ఈ తేడా కోసం మీరు ఒక్క షరతు కూడా రాయనక్కరలేదు.

మార్జిన్, స్పేసింగ్ అంకెలు మీరు ఇవ్వకండి. ఇచ్చినవి ఉంటే తీసేయండి. ఒక్కో స్టైల్‌కు తనదైన ఎడం ఉంటుంది.

బటన్ల వరస గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే వాడేవాళ్ళు చదవకుండా నొక్కేది ఇక్కడే. విండోస్‌లోనూ కేడీఈలోనూ ముందు ఓకే, తర్వాత క్యాన్సెల్. మ్యాక్‌లోనూ గ్నోమ్‌లోనూ ముందు క్యాన్సెల్, కుడి చివర ఓకే. విండోస్ వరసను మ్యాక్‌లో పెడితే, సేవ్ అనుకుని కుడి చివర నొక్కినవాళ్ళ పని పోతుంది.

చేయాల్సినవి:

1. బటన్లను చేత్తో అడ్డు లేఅవుట్‌లో పేర్చడం మానండి. క్యూడైలాగ్‌బటన్‌బాక్స్ వాడండి.
2. ఓకే, క్యాన్సెల్, సేవ్, డిస్కార్డ్ వంటివాటికి స్టాండర్డ్ బటన్లే ఇవ్వండి. డిస్కార్డ్ మీద రాసే మాట కూడా సిస్టంను బట్టి మారుతుంది.
3. మీ సొంత బటన్‌కు సరైన రోల్ ఇవ్వండి. "పుస్తకం తొలగించు"కి డిస్ట్రక్టివ్ రోల్, "సహాయం"కి హెల్ప్ రోల్. రోల్‌ను బట్టే స్థానం.
4. డిఫాల్ట్ బటన్ ఏదో స్పష్టంగా చెప్పండి. తొలగించే బటన్ మాత్రం ఎప్పుడూ డిఫాల్ట్ కాకూడదు.

తెలుగు ఇంటర్‌ఫేస్ చేసేవాళ్ళు ఇక్కడ ఒకటి గమనించాలి. స్టాండర్డ్ బటన్ల మాటలు మీ అప్లికేషన్ అనువాద ఫైలులో ఉండవు, క్యూటీ సొంత అనువాదంలో ఉంటాయి. ఆ మాటలకు తెలుగు ఫైలు విడిగా తయారుచేసి, రెండో ట్రాన్స్‌లేటర్‌గా లోడ్ చేయండి. లేకపోతే చుట్టూ తెలుగు, మధ్యలో ఇంగ్లిష్ బటన్లు మిగులుతాయి.

సెట్టింగ్స్ విండో విషయంలో సిస్టంల అలవాటే వేరు. మ్యాక్, గ్నోమ్‌లలో మార్చగానే అమలవుతుంది, ఓకే బటనే ఉండదు. విండోస్ డెస్క్‌టాప్ అప్లికేషన్లలో ఓకే, క్యాన్సెల్, అప్లై మూడూ ఇప్పటికీ కనిపిస్తాయి. సెట్టింగ్స్ విలువలను దాచే కోడ్‌ను విండో నుంచి విడదీసి రాసుకుంటే, ఒకచోట వెంటనే, ఇంకోచోట ఓకే నొక్కాక అమలు చేయడం తేలిక.

## 4. మెనూలు, కీబోర్డు షార్ట్‌కట్లు

### 4.1 మ్యాక్ మెనూ

మ్యాక్‌లో మెనూబార్ విండోలో ఉండదు, స్క్రీన్ పైన ఉంటుంది. క్యూమెనూబార్ వాడితే క్యూటీ దాన్ని పైకి పంపుతుంది. అబౌట్, సెట్టింగ్స్, క్విట్ అన్న మూడూ అక్కడ అప్లికేషన్ పేరుతో ఉన్న మొదటి మెనూలోకి వెళ్ళాలి. క్యూటీ మామూలుగా మెనూ మాటను చదివి, అది క్విట్ లాగానో ప్రిఫరెన్సెస్ లాగానో ఉందా అని ఊహించి పంపుతుంది.

మీ మెనూలో "నిష్క్రమించు", "అమరికలు" అని ఉంటే ఆ ఊహ పనిచేయదు. అవి ఫైల్ మెనూలోనే ఉండిపోతాయి. అందుకని ఊహకు వదలకండి. ఆ మూడు క్యూయాక్షన్లకు మెనూరోల్‌ను మీరే స్పష్టంగా ఇవ్వండి: అబౌట్‌రోల్, ప్రిఫరెన్సెస్‌రోల్, క్విట్‌రోల్. అలాగే ఇంగ్లిష్ మెనూలో "కాన్ఫిగర్ ప్రింటర్" లాంటి మాట ఉంటే క్యూటీ దాన్ని సెట్టింగ్స్ అనుకుని పట్టుకెళ్ళే ప్రమాదం ఉంది. దానికి నోరోల్ ఇవ్వండి.

### 4.2 షార్ట్‌కట్లు

కంట్రోల్+వై అని అక్షరాలతో రాయకండి. క్యూకీసీక్వెన్స్‌లో స్టాండర్డ్‌కీ పట్టిక ఉంది: కాపీ, పేస్ట్, అన్‌డూ, రీడూ, సేవ్, ఫైండ్, క్లోజ్, ప్రిఫరెన్సెస్. రీడూ విండోస్‌లో కంట్రోల్+వై, మ్యాక్‌లో కమాండ్+షిఫ్ట్+జెడ్, గ్నోమ్, కేడీఈలలో కంట్రోల్+షిఫ్ట్+జెడ్. పట్టిక పేరు వాడితే ఎక్కడిది అక్కడ వస్తుంది. సెట్‌షార్ట్‌కట్ కాకుండా బహువచనంలో ఉన్న సెట్‌షార్ట్‌కట్స్ పిలిస్తే, ఆ పనికి సిస్టంలో ఉన్న ప్రత్యామ్నాయ కీలు కూడా చేరతాయి.

మీ సొంత షార్ట్‌కట్లు రాసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది: క్యూటీ కోడ్‌లో కంట్రోల్ అని రాస్తే మ్యాక్‌లో అది కమాండ్ కీ. మ్యాక్ కీబోర్డు మీదున్న అసలు కంట్రోల్ కీ కావాలంటే మెటా అని రాయాలి.

మ్యాక్‌బుక్‌లో "డిలీట్" అని రాసి ఉన్న కీ నిజానికి బ్యాక్‌స్పేస్‌ను పంపుతుంది. పట్టికలో వరుస తొలగించడానికి డిలీట్ కీ ఒక్కటే పెట్టారంటే మ్యాక్‌బుక్‌లో ఎంత నొక్కినా ఏమీ జరగదు. మ్యాక్‌కు బ్యాక్‌స్పేస్ కూడా చేర్చండి.

### 4.3 తెలుగు మెనూల్లో ఆల్ట్ కీ

విండోస్‌లో, లినక్స్‌లో ఆల్ట్ పట్టుకుని ఒక అక్షరం నొక్కితే మెనూ తెరుచుకోవాలి. తెలుగు మాటలో ఒక అక్షరం కింద గీత గీయిస్తే ఇబ్బంది: గుణింతాల, ఒత్తుల మధ్య గీత చిందరవందర అవుతుంది, పైగా ఇంగ్లిష్ కీబోర్డు మీద ఆ కీ దొరకదు. గ్నోమ్ తెలుగు అనువాదాల్లో పాటించే పద్ధతి బాగుంటుంది: తెలుగు మాట మొత్తం రాసి, చివర బ్రాకెట్లో ఒక ఇంగ్లిష్ అక్షరం పెట్టి దానికే గీత. మ్యాక్‌లో ఈ ఆల్ట్ పద్ధతి లేదు కాబట్టి, అక్కడికి ఆ బ్రాకెట్ లేని అనువాద ఫైలు ఇవ్వండి.

## 5. ఫైల్ డైలాగులు

క్యూఫైల్‌డైలాగ్‌లో గెట్‌ఓపెన్‌ఫైల్‌నేమ్, గెట్‌సేవ్‌ఫైల్‌నేమ్ అనే స్టాటిక్ ఫంక్షన్లు పిలవండి. సిస్టం సొంత డైలాగ్ వస్తుంది, దానితోపాటే వాడేవాళ్ళు పిన్ చేసుకున్న ఫోల్డర్లు, ఇటీవలి ఫైళ్ళు. డోంట్‌యూజ్‌నేటివ్‌డైలాగ్ అన్న ఆప్షన్ ఎక్కడైనా ఉంటే తీసేయండి. అదనంగా ఒక చెక్‌బాక్స్ కావాలని డైలాగ్ మొత్తాన్ని సొంతంగా గీసినవాళ్ళను చూశాను. ఆ చెక్‌బాక్స్‌ను ఫైల్ ఎంచుకోవడానికి ముందు వేరే చిన్న డైలాగ్‌లో అడగడం ఎంతో మేలు.

## 6. విండో ప్రవర్తన

### 6.1 మ్యాక్

- చివరి విండో మూసినా అప్లికేషన్ మూతపడకూడదు, డాక్యుమెంట్లు తెరిచే రకమైతే. క్విట్‌ఆన్‌లాస్ట్‌విండోక్లోజ్డ్‌ను మ్యాక్‌లో మాత్రం ఆపండి. తర్వాత డాక్ ఐకాన్ నొక్కితే విండో మళ్ళీ రావాలి: అప్లికేషన్‌స్టేట్‌చేంజ్డ్ సిగ్నల్ వచ్చినప్పుడు స్థితి యాక్టివ్ అయి, కనిపించే విండో లేకపోతే ఒకటి తెరవండి.
- ఫైండర్‌లో ఫైలు మీద రెండుసార్లు నొక్కితే దాని పేరు కమాండ్ లైన్‌లో రాదు. క్యూఫైల్‌ఓపెన్‌ఈవెంట్‌గా వస్తుంది. క్యూఅప్లికేషన్ నుంచి మీ క్లాస్ తీసుకుని ఈవెంట్ ఫంక్షన్‌లో దాన్ని పట్టుకోండి.
- ఒక విండోకు చెందిన ప్రశ్న ఆ విండోకే అతుక్కుని షీట్‌గా దిగాలి. డైలాగ్‌కు పేరెంట్ ఇచ్చి, మోడాలిటీని విండోమోడల్ చేసి, ఓపెన్ ఫంక్షన్‌తో తెరవండి.

### 6.2 అన్నిచోట్లా

సేవ్ కాని మార్పులు ఉన్నాయని చూపడానికి టైటిల్‌లో మీరే నక్షత్రం గుర్తు రాయకండి. టైటిల్‌లో చదరపు బ్రాకెట్లలో నక్షత్రం ఒక్కసారి పెట్టి, సెట్‌విండోమాడిఫైడ్ పిలవండి. విండోస్‌లో అది నక్షత్రంగా కనిపిస్తుంది, మ్యాక్‌లో మూసే బటన్ మధ్య చుక్కగా మారుతుంది. సెట్‌విండోఫైల్‌పాత్ కూడా ఇస్తే మ్యాక్ టైటిల్‌బార్‌లో ఫైలు ఐకాన్ వస్తుంది.

సెట్టింగ్స్ దాచడానికి సొంత ఫైలు కాకుండా క్యూసెట్టింగ్స్, డేటా ఫోల్డర్‌కు క్యూస్టాండర్డ్‌పాత్స్ వాడండి. విండోస్‌లో రిజిస్ట్రీ, మ్యాక్‌లో ప్లిస్ట్, లినక్స్‌లో హోం ఫోల్డర్‌లోని కాన్ఫిగ్: ఎక్కడిది అక్కడికి చేరుతుంది.

### 6.3 లినక్స్

గ్నోమ్‌లో క్యూటీ విడ్జెట్లు గ్నోమ్ అప్లికేషన్లలా అచ్చు గుద్దినట్టు రావు. ఫ్యూజన్ స్టైల్‌తోనే గీస్తాయి. అక్కడ సాధించగలిగేది, సాధించాల్సింది ఇది: సిస్టం ఫాంట్, డార్క్ లైట్ రంగులు, బటన్ల వరస, సిస్టం ఫైల్ డైలాగ్. గ్నోమ్ సెట్టింగులను క్యూటీకి అందించే జీటీకే3 ప్లాట్‌ఫాం థీమ్ ప్లగిన్ ఉంటే ఈ నాలుగూ వస్తాయి. గ్నోమ్ రూపాన్ని స్టైల్‌షీట్‌తో నకలు చేయాలని చూడకండి. తర్వాతి గ్నోమ్ వెర్షన్‌కు అది పాతబడుతుంది.

వేలాండ్‌లో (లినక్స్‌లో విండోలను తెర మీద చూపే వ్యవస్థ) విండో తన స్థానాన్ని తను నిర్ణయించుకోలేదు. పోయినసారి విండో ఎక్కడుందో గుర్తుపెట్టుకుని అక్కడికే జరిపే కోడ్ అక్కడ పనిచేయదు. సైజు మాత్రం దాచుకోండి. టాస్క్‌బార్‌లో మీ ఐకాన్ బదులు ఏదో సాధారణ ఐకాన్ వస్తుంటే, సెట్‌డెస్క్‌టాప్‌ఫైల్‌నేమ్‌లో ఇచ్చిన పేరూ ఇన్‌స్టాల్ చేసిన డెస్క్‌టాప్ ఫైలు పేరూ ఒకటేనా అని చూడండి.

గ్నోమ్‌లో ఎక్స్‌టెన్షన్ లేకుండా సిస్టం ట్రే (వెనక నడిచే అప్లికేషన్ల చిన్న ఐకాన్లు ఉండే చోటు) ఉండదు. విండో మూసి ట్రేలోకి వెళ్ళిపోయే అప్లికేషన్ అయితే, ట్రే ఉందా అని ముందు అడగండి. లేకపోతే వాడేవాళ్ళకు దాన్ని తిరిగి తెరిచే దారే మిగలదు.

## 7. ఫాంట్లు, తెలుగు అక్షరాల ఎత్తు

ఫాంట్ పేరును కోడ్‌లో రాయకండి. విండోస్‌లో సీగో యూఐ, మ్యాక్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో, లినక్స్‌లో వాడేవాళ్ళు ఎంచుకున్నది. క్యూఫాంట్‌డేటాబేస్‌లోని సిస్టమ్‌ఫాంట్‌ను అడిగితే మామూలు ఫాంట్, సమ వెడల్పు ఫాంట్ రెండూ ఇస్తుంది. సైజు పిక్సెళ్ళలో కాక పాయింట్లలో, అదీ ఉన్న సైజుకు ఇంత ఎక్కువ అన్నట్టు మాత్రమే మార్చండి.

సీగో యూఐలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు రాగానే క్యూటీ వేరే ఫాంట్‌కు వెళ్తుంది: విండోస్‌లో నిర్మలా యూఐ, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు, లినక్స్‌లో నోటో సాన్స్ తెలుగో లోహిత్ తెలుగో ఏది ఉంటే అది. ఇబ్బంది ఎక్కడంటే, క్యూఫాంట్‌మెట్రిక్స్‌ను ఎత్తు ఎంత అని అడిగితే అది ముఖ్య ఫాంట్ ఎత్తే చెబుతుంది, తెలుగు ఫాంట్ ఎత్తు కాదు. ఆ అంకెతో గడి ఎత్తు లెక్కించారంటే ఒత్తులు కింద తెగిపోతాయి, పైన గుడి అంచు పోతుంది.

ఇలా సరిచేయండి:

1. విడ్జెట్లకు సెట్‌ఫిక్స్‌డ్‌హైట్, సెట్‌ఫిక్స్‌డ్‌విడ్త్ ఉన్నచోటల్లా తీసేయండి. తెలుగు మాటలు ఇంగ్లిష్ కన్నా వెడల్పుగా కూడా ఉంటాయి.
2. ఎత్తు తప్పనిసరిగా లెక్కించాల్సి వస్తే, లోతైన ఒత్తులున్న మాట ఇచ్చి దాని బౌండింగ్‌రెక్ట్ కొలవండి. "రాష్ట్రం", "స్త్రీ", "జ్యోత్స్న", "వైశిష్ట్యం" నా పరీక్ష మాటలు. ఆ కొలత, విడ్జెట్ సహజ ఎత్తు, రెండింటిలో పెద్దది తీసుకోండి.
3. పట్టిక వరుసలను రిసైజ్‌రోస్‌టుకంటెంట్స్‌తో సర్దండి. పుస్తకాలు వేలల్లో ఉంటే అది నెమ్మదిస్తుంది; అప్పుడు పై కొలతనే వరుసల డిఫాల్ట్ ఎత్తుగా ఇవ్వండి.
4. పొడవైన పేరును కుదించడానికి స్ట్రింగ్‌ను మధ్యలో కోయకండి. ఒత్తు సగంలో తెగి "రాష్" అని పొల్లుతో మిగులుతుంది. ఎలైడెడ్‌టెక్స్ట్ వాడండి.
5. టైపు చేసే గడిని సొంతంగా గీయకండి. ఇన్‌స్క్రిప్ట్, లిప్యంతరీకరణ లాంటి పద్ధతుల్లో టైపు చేసేవాళ్ళకు ఇన్‌పుట్ మెథడ్ మద్దతు కావాలి. క్యూలైన్‌ఎడిట్‌లో, క్యూటెక్స్ట్‌ఎడిట్‌లో అది ఉంది.

## 8. రంగులు, డార్క్ మోడ్, ఐకాన్లు

ఇప్పుడు రంగులకు రావచ్చు. పై అంచెలు అయ్యాక మిగిలేది కొంచెమే.

కోడ్‌లో రంగుల కోడ్‌లు ఎక్కడున్నాయో వెతికి, ప్రతిదాన్నీ క్యూప్యాలెట్ పాత్రతో మార్చండి: రాసే నేలకు బేస్, విండో నేలకు విండో, అక్షరాలకు టెక్స్ట్, ఎంచుకున్నదానికి హైలైట్. గడువు దాటిన పుస్తకాలకు ఎరుపు లాంటివి ప్యాలెట్‌లో ఉండవు. వాటికి లైట్‌కు ఒకటి, డార్క్‌కు ఒకటి రెండు రంగులు పెట్టుకుని, కలర్‌స్కీమ్‌ను బట్టి ఎంచుకోండి. రంగు ఒక్కదాని మీదే ఆధారపడకుండా పక్కన ఒక మాటో గుర్తో ఉంచండి.

వాడుతుండగానే సిస్టం డార్క్‌కు మారవచ్చు. కలర్‌స్కీమ్‌చేంజ్డ్ సిగ్నల్ వచ్చినప్పుడు మీరు దాచిపెట్టుకున్న రంగులు, చిత్రాలు మళ్ళీ తయారుచేయండి.

విండోస్ 10లో విండోస్‌విస్టా స్టైల్ డార్క్ మోడ్‌కు మారదు. దాన్ని బలవంతంగా నల్లగా చేయాలని చూస్తే సగం తెలుపు, సగం నలుపు విండో వస్తుంది. అక్కడ లైట్‌గానే వదిలేయండి.

ఐకాన్లకు క్యూఐకాన్‌లోని ఫ్రమ్‌థీమ్ వాడండి. 6.7 నుంచి ఇది లినక్స్‌లోనే కాక విండోస్, మ్యాక్‌లలో కూడా సిస్టం సొంత గుర్తులు తెస్తుంది. దొరకని గుర్తుకు బదులుగా మీ ఎస్‌వీజీ ఒకటి ఇవ్వండి. ఐకాన్ సైజును పిక్సెల్‌మెట్రిక్‌ను అడిగి తెలుసుకోండి.

## 9. కీబోర్డుతో, స్క్రీన్ రీడర్‌తో

సిస్టందిలా ఉండటమంటే చూపు లేనివాళ్ళకు కూడా అలాగే ఉండాలి. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ల కోసం క్యూటీ మామూలు విడ్జెట్లు విండోస్‌లో యూఐ ఆటోమేషన్‌కు, మ్యాక్‌లో వాయిస్‌ఓవర్‌కు, లినక్స్‌లో ఏటీ-ఎస్‌పీఐకి తమ వివరాలు చెప్పుకుంటాయి. మనం చేయాల్సింది:

- ఐకాన్ మాత్రమే ఉన్న ప్రతి బటన్‌కు సెట్‌యాక్సెసిబుల్‌నేమ్‌తో పేరు.
- లేబుల్‌కూ గడికీ జత. ఫారం లేఅవుట్‌లో వరుస చేర్చితే అది తనే జతచేస్తుంది; వేరేచోట్ల సెట్‌బడీ.
- ట్యాబ్ నొక్కుతూ పోతే కంటికి కనిపించే వరసలోనే ఫోకస్ కదలాలి.
- మ్యాక్‌లో ట్యాబ్ బటన్ల మీద ఆగకపోతే అది బగ్ కాదు. కీబోర్డ్ నావిగేషన్ అన్న సిస్టం సెట్టింగ్‌ను బట్టి అలా నడుస్తుంది. కోడ్‌తో మార్చకండి.

ఒకసారి మానిటర్ ఆపేసి ఎన్‌వీడీఏ అనే విండోస్ స్క్రీన్ రీడర్ సాయంతో ఒక పుస్తకం నమోదు చేసి చూడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే పని ఉంది.

## 10. ప్యాకేజీ

మీ మెషీన్‌లో అంతా బాగుండి, వేరేవాళ్ళ మెషీన్‌లో రూపం మారిపోయిందంటే తప్పు సాధారణంగా ప్యాకింగ్‌లోనే ఉంటుంది.

విండోస్‌లో విన్‌డిప్లాయ్‌క్యూటీ (కావాల్సిన క్యూటీ ఫైళ్ళను చేర్చే పరికరం) నడిపాక, ఎక్జీ పక్కన ప్లాట్‌ఫామ్స్, స్టైల్స్, ఐకాన్‌ఇంజిన్స్ ఫోల్డర్లు ఉన్నాయా చూడండి. స్టైల్స్ ఫోల్డర్‌లో 6.7 నుంచి క్యూమోడర్న్‌విండోస్‌స్టైల్ డీఎల్‌ఎల్ ఉండాలి. అది లేకపోతే బటన్లు 1990ల నాటి విండోస్‌లా బూడిద రంగులో వస్తాయి. ఐకాన్‌ఇంజిన్స్ లేకపోతే ఎస్‌వీజీ గుర్తులు సరిగా కనిపించకపోవచ్చు.

మ్యాక్‌లో పైథాన్ స్క్రిప్ట్‌ను నేరుగా నడిపితే మెనూ పేరు పైథాన్ అనే ఉంటుంది. యాప్ బండిల్ చేస్తేనే మీ పేరు వస్తుంది. ఇన్ఫో.ప్లిస్ట్‌లో ఎన్‌ఎస్‌రిక్వైర్స్‌ఆక్వాసిస్టమ్‌అప్పియరెన్స్ నిజం అని ఉంటే డార్క్ మోడ్ రాదు. పాత ప్రాజెక్టుల నుంచి అది అలాగే మిగిలిపోతుంటుంది. ఫైండర్ నుంచి తెరవాల్సిన ఫైలు రకాలు కూడా అదే ఫైలులో నమోదు చేయాలి.

లినక్స్‌లో పిప్ ద్వారా వచ్చిన పైసైడ్6 తన సొంత క్యూటీని తెచ్చుకుంటుంది, ప్లాస్మా రూపాన్ని ఇచ్చే, సిస్టంలోని కేడీఈ బ్రీజ్ ప్లగిన్ దానికి అందదు. అందుకే ప్లాస్మాలో కూడా ఫ్యూజన్‌లా కనిపిస్తుంది. డిస్ట్రో ఇచ్చే పైసైడ్6 ప్యాకేజీ మీద ఆధారపడండి, లేదా కేడీఈ రన్‌టైంతో ఫ్లాట్‌ప్యాక్ (ఏ డిస్ట్రోలోనైనా నడిచే ప్యాకేజీ) చేయండి.

## 11. విడుదలకు ముందు సరిచూసుకోండి

నాలుగు డెస్క్‌టాప్‌లలోనూ, డెవలపర్ పరికరాలేవీ లేని కొత్త యూజర్ ఖాతాలో:

- [ ] లాగ్‌లో స్టైల్ పేరు అనుకున్నదే ఉంది
- [ ] ప్రతి డైలాగ్‌లో బటన్ల వరస స్క్రీన్‌షాట్ల ఫోల్డర్‌తో సరిపోయింది
- [ ] మ్యాక్‌లో అబౌట్, సెట్టింగ్స్, క్విట్ అప్లికేషన్ మెనూలో ఉన్నాయి, ఇంటర్‌ఫేస్ తెలుగులో ఉన్నప్పుడు కూడా
- [ ] రీడూ, క్లోజ్, తొలగించు కీలు పనిచేశాయి
- [ ] నడుస్తుండగా డార్క్‌కు మార్చి, తిరిగి లైట్‌కు మార్చాం. చదవలేని చోటు లేదు
- [ ] స్కేలింగ్ 100, 150, 200 శాతంలో "రాష్ట్రం" ఎక్కడా తెగలేదు
- [ ] సిస్టం ఫాంట్ పెంచినప్పుడు విండో విరగలేదు
- [ ] మౌస్ ముట్టుకోకుండా ఒక పుస్తకం చేర్చి, దిద్ది, తొలగించగలిగాం
- [ ] మ్యాక్‌లో విండో మూసి, డాక్ నుంచి మళ్ళీ తెరిచాం

ఏ గడి ఖాళీగా మిగిలినా, ముందు రెండో అంచెకు వెళ్ళి ఎక్కడైనా స్టైల్‌షీటో స్థిరమైన అంకో తిరిగి దూరిందేమో వెతకండి. ప్రాజెక్టులో ఎక్కువమంది పనిచేస్తుంటే, సెట్‌స్టైల్‌షీట్, సెట్‌ఫిక్స్‌డ్‌హైట్ అన్న పిలుపులు కొత్తగా చేరితే బిల్డ్ ఆగిపోయేలా ఒక చిన్న తనిఖీ స్క్రిప్ట్ పెట్టుకోండి.